ఇంటి మాటకు తావివ్వని సాయం సగం సాయమే

కోయంబత్తూరు, మదురై పాత తెలుగు వాడల్లో వైకల్యం ఉన్న పిల్లలకు సేవలు లేకపోలేదు. ఆ పిల్లల ఇళ్లలో పలికే తెలుగును ఆ సేవలు పనిముట్టుగా వాడుకోవాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

మాట ఆలస్యమైన బాబుకు, నడక రాని పాపకు సాయం ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఎవరికైనా ముందు ఆసుపత్రే గుర్తొస్తుంది. కానీ ఆ సాయంలో ఎక్కువ భాగం జరగవలసింది ఇంట్లో. థెరపిస్టు దగ్గర పిల్లలు గడిపేది వారానికి గంటో రెండు గంటలో. మిగతా వేళంతా వాళ్లు తల్లి ఒడిలో, అవ్వ పక్కన, అన్నదమ్ముల మధ్య ఉంటారు. అన్నం తినిపిస్తూ, నీళ్లు పోస్తూ, నిద్రపుచ్చుతూ పెద్దలు ఆడే మాటల్లోంచే వాళ్లకు భాష వస్తుంది, లోకం అర్థమవుతుంది. ఆ మాటలు తెలుగులో ఉండి, చికిత్స గదిలోని మాటలు తమిళంలో ఉన్నప్పుడు రెంటినీ కలిపే పని ఎవరో ఒకరు చేయాలి. కేసు షీటులో మాతృభాష అన్న గడి నింపినంత మాత్రాన ఆ పని కాదు. ఆ గడిలో రాసినదాన్ని బట్టి పరీక్ష మారాలి, చికిత్స మారాలి, తల్లికి ఇచ్చే సలహా మారాలి. తమిళనాడులోని పాత తెలుగు కుటుంబాల పిల్లల కోసం ఇప్పుడు గట్టిగా అడగవలసింది ఇదే.

2011 జనగణనలో తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. వీళ్లలో చాలామంది ఉద్యోగాల కోసం నిన్న మొన్న వచ్చినవాళ్లు కారు. విజయనగర కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాకా దక్షిణానికి దిగి, పాళయాలు ఏలి, సైన్యాల్లో పనిచేసి, నల్లరేగడిలో పత్తి పండించి స్థిరపడ్డ కుటుంబాల వారసులు. మదురై జిల్లాలో తిరుమంగళం, ఉసిలంపట్టి వైపు పల్లెల్లో, కోయంబత్తూరు చుట్టూ పీలమేడు, సింగానల్లూరు, సూలూరు ప్రాంతాల్లో కమ్మవారు, బలిజలు, రాజకంబళం నాయకులు, అరుంధతీయులు ఎంతోమంది నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అయితే అది చాలా ఇళ్లలో నోటి తెలుగే. చదువు, రాత, పత్రిక, బస్సు బోర్డు అన్నీ తమిళం. తెలుగువారి వలస కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా మలచిన కి. రాజనారాయణన్ కూడా దాన్ని తమిళంలోనే రాశారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష అన్న ఈ ఏర్పాటు తరతరాలుగా సాఫీగానే నడిచింది. మామూలుగా ఎదిగే పిల్లలు బడికి వెళ్లే వయసుకల్లా రెండూ పట్టేస్తారు. మాట పట్టడమే కష్టమైన పిల్లల దగ్గరే ఇంటికి బయటి ఆసరా అవసరమవుతుంది.

ఉన్న సేవలు తక్కువేం కాదు

తమిళనాడులో సేవలే లేవనడం అన్యాయం. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్లి పుట్టుకతో వచ్చే లోపాలను, ఎదుగుదలలో జాప్యాన్ని కనిపెట్టి, పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపాలి. సమగ్ర శిక్షా పథకం కింద బ్లాకు స్థాయిలో ప్రత్యేక బోధకులు, ఫిజియోథెరపిస్టులు పనిచేస్తారు. కదల్లేని పిల్లలకు ఇంటి దగ్గరే పాఠం చెప్పే వీలుంది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు రాష్ట్రం నెలకు 2000 రూపాయల పోషణ భత్యం ఇస్తోంది. మదురైలో 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి, రోగి వచ్చేదాకా ఆగకుండా ఊళ్లలో శిబిరాలు పెట్టి చూపు నిలిపే పద్ధతిని ప్రపంచానికి చూపించింది. అదే ఊళ్లో 1985 నుంచి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ చూపులేని పిల్లలకు చదువు చెబుతోంది. కోయంబత్తూరు దగ్గర పెరియనాయక్కన్‌పాళయంలోని రామకృష్ణ మిషన్ విద్యాలయం, నగరంలోని అవినాశిలింగం సంస్థ ప్రత్యేక బోధకులను తయారుచేస్తున్నాయి. వీటికి తోడు ప్రపంచ బ్యాంకు 2022లో మంజూరు చేసిన 16.2 కోట్ల డాలర్ల రుణంతో రాష్ట్రం ‘రైట్స్’ ప్రాజెక్టు చేపట్టింది. వికలాంగులకు కావలసిన సేవలన్నీ ఒకేచోట దొరికే కేంద్రాలను జనానికి దగ్గరగా తేవడం దాని ఉద్దేశం. వ్యవస్థ ఇంకా కట్టుబడి దశలోనే ఉంది కాబట్టే ఇంటి భాష సంగతి ఇప్పుడే అడగాలి. అంతా అయ్యాక చేర్చడం కష్టం.

పని జరిగేది తల్లి చేతుల్లో

చిన్నపిల్లల వైకల్యాల విషయంలో గత కొన్ని దశాబ్దాల అనుభవం ఒక్క సంగతిని గట్టిగా చెబుతోంది: చికిత్స ఫలించాలంటే తల్లిదండ్రులే దాన్ని నడపాలి. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో జరిగిన ఒక పరిశోధన 2016లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ పత్రికలో వచ్చింది. అందులో తల్లిదండ్రులకు నేరుగా నేర్పింది నిపుణులు కారు. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులతో కూర్చుని, పిల్లల చూపును, సైగను, శబ్దాన్ని గమనించి దానికి తగ్గట్టు బదులు పలకడం నేర్పారు. తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది. పిల్లలు తామై పలకరించడం పెరిగింది. ఇందులో మనం పట్టుకోవలసిన కీలకం ఒకటుంది. పిల్లవాడు చూపిన ఆసక్తికి క్షణంలో, అప్రయత్నంగా బదులు రావాలి. ఆలోచించి, మాట వెతుక్కుని, ఇంకో భాషలోకి మార్చి చెప్పేలోపు ఆ క్షణం దాటిపోతుంది. లాలించడానికి, బుజ్జగించడానికి, మురిపెంగా గద్దించడానికి ఏ తల్లికైనా తన్నుకొచ్చే భాష ఒకటి ఉంటుంది. తెలుగు ఇంట్లో అది తెలుగు. ఆ తల్లికి తమిళం ఎంత బాగా వచ్చినా సరే.

వినికిడి లోపం ఉన్న పిల్లల సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. తమిళనాడు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా పథకం కింద చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఉచితంగా చేస్తారు. కానీ శస్త్రచికిత్సతో వినికిడికి దారి మాత్రమే పడుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మాటలు చెవిన పడుతూ, వాటికి అర్థం కుదురుతూ ఉంటేనే పిల్లవాడు మాట్లాడతాడు. రోజంతా ఆ మాటలు అందించేది ఇల్లు. ఇంట్లో నలుగురూ తెలుగులో మాట్లాడుకుంటూ పిల్లవాడితో మాత్రం తల్లి ఒక్కతే తమిళం పలికితే, అతనికి నేరుగా అందేది ఒక్క మనిషి మాట. పక్కవాళ్లు మాట్లాడుకునేది చెవినపడి నేర్చుకునే అవకాశం పోతుంది.

పరీక్షలో పోయే మార్కులు

ఇంటి భాష తెలియకుండా చేసే పరీక్ష పిల్లవాడి శక్తిని తక్కువగా చూపే ప్రమాదం ఉంది. బొమ్మలో పిల్లిని చూసి నాలుగేళ్ల పాప ‘పిల్లి’ అంటే, తమిళంలో ‘పూనై’ కోసం ఎదురుచూసే చెవికి అది తప్పుగానో అర్థంలేని శబ్దంగానో వినిపించవచ్చు. పలుకు స్పష్టంగా లేని పాపైతే ఆ ప్రమాదం రెట్టింపు, ఎందుకంటే తెలిసిన మాటైతేనే మసకగా పలికినా పోల్చుకోగలం. అన్ని పరీక్షలకూ ఈ చిక్కు లేదు. వైన్‌లాండ్ సామాజిక పరిపక్వత మాపనం లాంటివాటిలో పిల్లలు తమంతట తాము తింటారా, బొత్తాలు పెట్టుకుంటారా అని తల్లిని అడిగి నింపుతారు. కానీ పదసంపదను, ఆజ్ఞలను అర్థం చేసుకోవడాన్ని, ప్రశ్నలకు జవాబులను కొలిచే పరీక్షలు భాష మీదే నిలబడతాయి. ఆ ఫలితం కాగితం మీదే ఉండిపోదు. 40 శాతం వైకల్యం అన్న గీతకు ఇటా అటా అన్నది, బడిలో కూర్చోబెట్టాలా ఇంటి దగ్గర పాఠం చెప్పాలా అన్నది, ఏ చికిత్స ముందు మొదలుపెట్టాలన్నది దాన్ని బట్టే తేలుతుంది. రెండు భాషల ఇళ్ల పిల్లల విషయంలో స్పీచ్ థెరపీ శాస్త్రం ఇప్పటికే ఒక మార్గం చూపించింది: ఏ భాషలో చెప్పినా, ఆ వస్తువు పేరు తెలిసినట్టే లెక్కగట్టడం. తెలుగులో 30 మాటలు, తమిళంలో వేరే 20 మాటలు ఉన్న పాపకు 50 సంగతులు తెలుసు. తమిళం ఒక్కటే కొలిస్తే 20 అని రాస్తాం.

రెండు భాషలు బరువా?

ఇక్కడ అందరికంటే ముందు వచ్చే అభ్యంతరం సదుద్దేశంతో వచ్చేదే. అసలే మాట రాని పిల్లలు, వాళ్ల నెత్తిన రెండు భాషలు ఎందుకు, ఒక్క తమిళం చాలదా అని. ‘ఇంట్లో ఒకే భాష మాట్లాడండి’ అన్న సలహా ప్రపంచమంతటా రెండు భాషల కుటుంబాలకు చాలాకాలం వినిపించింది. దాన్ని పరీక్షించి చూసినప్పుడు ఆధారం దొరకలేదు. కెనడాలో కే-రెయినింగ్ బర్డ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలతో పెరుగుతున్న డౌన్ సిండ్రోమ్ పిల్లలు ఒకే భాషతో పెరుగుతున్న డౌన్ సిండ్రోమ్ పిల్లలకు తీసిపోలేదు. ఆటిజం ఉన్న 75 మంది పిల్లల మీద హాంబ్లీ, ఫోంబోన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలోనూ రెండో భాష వల్ల అదనపు జాప్యం కనిపించలేదు. ఇవి చిన్న అధ్యయనాలే. తెలుగు, తమిళం జంట మీద చేసినవీ కావు. అయినా భాషాకుటుంబం ఒకటే అయిన తెలుగు, తమిళాల జంట పిల్లలకు ఇంగ్లిషు, ఫ్రెంచిల కన్నా ఎక్కువ బరువవుతుందని అనుకోవడానికి కారణం కనబడదు. ఇక ఒక భాష తీసేస్తే పోయేదేమిటో లెక్కవేయాలి. తమిళం అంత చనువుగా రాని అవ్వకూ మనవడికీ మధ్య మాట తెగుతుంది. పండగకు చుట్టాలు కూడిన ఇంట్లో పిల్లవాడొక్కడే మాటకు వెలి అవుతాడు. లాభమేమిటో రుజువు కాని సలహా కోసం ఇంత నష్టం తెచ్చుకోకూడదు.

రెండో అభ్యంతరం: ఇక్కడి తెలుగువాళ్లందరికీ తమిళం వచ్చు కదా, మరి ఇబ్బందేమిటి? నిజమే, చాలామంది తల్లులు డాక్టరుతో తమిళంలో చక్కగా మాట్లాడగలరు. చికిత్స గదిలో తల్లికీ డాక్టరుకూ మధ్య తమిళం చాలు. అడుగుతున్నది అది కాదు. పిల్లవాడికి మొదట చెవిన పడ్డది, ఇంట్లో ఎప్పుడూ పడుతున్నది తెలుగు. పెద్దల సామర్థ్యాన్ని చూసి పిల్లల అవసరాన్ని కొట్టిపారేయకూడదు. మూడోది కాస్త సున్నితమైనది. తమిళనాట భాష అంటే ఉద్వేగం. వేరే భాషకు సేవలు అడిగితే తమిళానికి పోటీ అనుకోరా? 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడుల్లో తమిళం తప్పనిసరి అయింది, ఇక్కడ పుట్టి పెరిగే పిల్లలకు తమిళం కావాలి కూడా. ఎవరూ కాదనరు. ఇంటి భాషలో కుదిరిన మాట, తర్వాత తమిళం నేర్వడానికి మెట్టు అవుతుంది. పిల్లలు అమ్మ భాషలోనే బాగా నేరుస్తారని దేశమంతటికీ వినిపించేలా వాదించిన రాష్ట్రం తమిళనాడే. ఆ సూత్రం తన గడ్డ మీది తెలుగు పిల్లలకు వర్తింపజేయమనడం ఆ రాష్ట్ర మాటనే గౌరవించడం. ఇదే న్యాయం ఆంధ్రప్రదేశ్‌లో నగరి, సత్యవేడు వైపు తమిళ ఇళ్లలో పుట్టిన పిల్లలకూ దక్కాలి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ప్రయత్నించమని ప్రతి రాష్ట్రానికీ చెబుతోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపు, వినికిడి లేని పిల్లలకు తగిన భాషల్లో, తగిన పద్ధతుల్లో చదువు అందాలంటోంది. అడుగుతున్నది చట్టానికి కొత్త కాదు.

మనుషులు ఎక్కడి నుంచి వస్తారు?

నాలుగో అభ్యంతరం ఆచరణకు సంబంధించినది. తమిళం వచ్చిన స్పీచ్ థెరపిస్టులే చాలినంతమంది లేని చోట తెలుగు వచ్చినవాళ్లను ఎక్కడి నుంచి తేవాలి? ముందు అవసరం ఎంతటిదో చూద్దాం. 2011 జనగణనలో తమిళనాడులో వైకల్యం ఉన్నవాళ్లు దాదాపు 11.8 లక్షలు, జనాభాలో 1.6 శాతం పైన. అదే పాళ్లు తెలుగు ఇళ్లకూ వర్తిస్తాయనుకుంటే అన్ని వయసులవాళ్లూ కలిసి సుమారు 69 వేలమంది అవుతారు. పక్కన పెట్టేయదగిన సంఖ్య కాదిది. అలాగని వీళ్ల కోసం వేరే ఆసుపత్రులు, వేరే బడులు కట్టనక్కర్లేదు. తెన్కాశి దగ్గర ఆయికుడిలో 1981లో ఎస్. రామకృష్ణన్ స్థాపించిన అమర్ సేవా సంఘం ఈ ప్రశ్నకు జవాబు చూపించింది. మెడ కింద శరీరం చచ్చుబడిన ఆ మనిషి నిలబెట్టిన సంస్థలో, స్థానికంగా శిక్షణ పొందిన కార్యకర్తలు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలకు వ్యాయామాలు చేయిస్తారు, తల్లులకు నేర్పుతారు; నిపుణులు వెనక ఉండి దారి చూపుతారు. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ కూడా బీపీ, షుగరు మందులనూ ఫిజియోథెరపీనీ ఇళ్లకే తీసుకెళ్లింది. ఇంటికి వెళ్లే ఆ కార్యకర్త అదే వీధి నుంచి వచ్చిన, తెలుగు మాట్లాడే ఆడమనిషైతే సమస్యలో సగం తీరినట్టే. పీలమేడులోనో తిరుమంగళం పల్లెలోనో అలాంటివాళ్లు కొరత కాదు. కావలసింది శిక్షణ, జీతం, వెనక ఒక నిపుణుడి అండ.

పాఠ్యసామగ్రి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం 1984లో సికింద్రాబాదులో నెలకొన్న జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, తెలుగు నేలమీదే ఉంది. తెలుగులో పనిచేసిన అనుభవం దానికుంది. ఆ అనుభవం కోయంబత్తూరుకు, మదురైకి చేరాలి. కానీ తెలుగు పుస్తకాల కట్టలు పంపితే ఉపయోగం లేదు. ఇక్కడ చాలామంది తల్లులకు తెలుగు లిపి రాదు. సెల్‌ఫోనులో వినే మాటలు, చూసే వీడియోలు, అవసరమైతే తమిళ లిపిలో రాసిన తెలుగు కావాలి. వాటిలోని తెలుగు హైదరాబాదు పత్రికల తెలుగు కాకుండా, ఆ ఇళ్లలో నిజంగా పలికేదై ఉండాలి. ఆ పలుకుబడిని సేకరించే పని స్థానిక కార్యకర్తలు, అవ్వలు చేయగలరు. పిల్లలు రోజూ వినే మొదటి రెండు మూడు వందల మాటల జాబితా ఉంటే స్పీచ్ థెరపిస్టు తమిళుడైనా సరే, పిల్లవాడు ఏం పలుకుతున్నాడో పోల్చుకోగలడు.

దానానికి పేరున్న చోట

సర్కారు చేయవలసినది అలా ఉంచితే, సమాజం చేయవలసినదీ ఉంది. కోయంబత్తూరు తెలుగువారి దానగుణం చరిత్రకెక్కింది. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు వాటాలు చేసి, ఐదోదాన్ని ధర్మానికి కేటాయించి 1926లో పీఎస్జీ సంస్థలకు పునాది వేశారు. మిల్లుల యజమాని జి. కుప్పుస్వామి నాయుడి పేరిట 1952లో ఆసుపత్రి వెలిసింది. మదురైలో రాణి మంగమ్మ కట్టించిన సత్రాల జ్ఞాపకం నేటికీ బతికే ఉంది. కుల సంఘాలకు కల్యాణ మండపాలున్నాయి, స్కాలర్‌షిప్పులున్నాయి, పెళ్లి సంబంధాల కేంద్రాలున్నాయి. ఆ మండపాల్లో పెళ్లిళ్లు లేని రోజుల్లో ఒక గది వారానికి రెండుసార్లు థెరపీకి ఇవ్వడానికి పెట్టుబడి అక్కర్లేదు. పిల్లలను తెచ్చే వ్యానుకు డీజిలు ఖర్చు, తల్లి ఒక పూట ఊపిరి పీల్చుకునేలా పిల్లలను చూసుకునే ఇద్దరు మనుషులు ఉంటే ఆ ఇళ్లకు అదే కొండంత అండ.

అంతకంటే ముందు సంఘాలు చేయవలసిన పని ఇంకొకటుంది: దాపరికాన్ని పోగొట్టడం. తమలో తామే సంబంధాలు కలుపుకునే చిన్న సమాజంలో ఒక బిడ్డ వైకల్యం గురించి బయటపడితే అక్కాచెల్లెళ్ల పెళ్లికి అడ్డవుతుందన్న భయం బలంగా పనిచేస్తుంది. మేనరికం వల్లే అనో, తల్లి చేసిన పాపమనో నింద పడేది ఎక్కువగా ఆడవాళ్ల మీదే. ఈ భయంతో పరీక్ష ఆలస్యమైతే, చికిత్సకు అత్యంత విలువైన మొదటి మూడేళ్లు చేజారతాయి. వేదిక మీద నిలబడి, ఈ పిల్లలు మన పిల్లలు, వీళ్ల తోబుట్టువుల సంబంధాలకు మేం పూచీ అని సంఘం పెద్దలు ఒక్కమాట అంటే, ఏ ఆరోగ్యశాఖ ప్రచారమూ చేయలేని పని జరుగుతుంది. ఆ పూచీ సొంత కులం గీత దగ్గర ఆగకూడదు. కోయంబత్తూరులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లలో పారిశుధ్య పని చేసే అరుంధతీయ కుటుంబాలూ ఉన్నాయి. 2009లో రాష్ట్రం వాళ్లకు 3 శాతం ప్రత్యేక కోటా ఇవ్వవలసి వచ్చిందంటే ఎంత వెనకకు నెట్టబడ్డారో అర్థమవుతుంది. డబ్బున్న ఇల్లు ప్రైవేటు థెరపిస్టును పెట్టుకోగలదు. తెల్లవారుజామున వీధులు ఊడ్చే తల్లికి పగలు పనిచేసే కేంద్రానికి బిడ్డను తీసుకెళ్లడమంటే కూలి వదులుకోవడం. ఈ మార్పు మొదట అందవలసింది ఆ ఇంటికే. సేవ భాషా సమూహానికి చేరాలన్న వాదన న్యాయంగా నిలబడాలంటే ఆ సమూహంలోని అట్టడుగు ఇంటి నుంచే లెక్క మొదలుపెట్టాలి.

కాబట్టి కోరవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. కొత్త సేవా కేంద్రాల్లో ప్రతి పిల్లవాడికీ ఇంట్లో ఎవరు ఏ భాషలో మాట్లాడతారో తెలుసుకుని, పరీక్షలో రెండు భాషల మాటలూ లెక్కగట్టాలి. ఆధారం లేకుండా ఇంటి భాష మానేయమని చెప్పకూడదు. తెలుగు ఇళ్లు గుంపుగా ఉన్న వార్డుల్లో, పల్లెల్లో తెలుగు మాట్లాడే కార్యకర్తలను ఆ వీధుల నుంచే తీసుకోవాలి. నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ గురించి, 18 ఏళ్లు నిండాక సంరక్షకుల నియామకం గురించి, లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు భరించే నిరామయ బీమా గురించి తల్లిదండ్రులకు తెలియజెప్పే బాధ్యత తెలుగు సంఘాలు తీసుకోవాలి. ఇందులో ఏదీ కొత్త భవనం అడగదు, కొత్త చట్టం అడగదు. ఐదు వందల ఏళ్లు ఇంట్లో నిలబెట్టుకున్న భాష ఆ ఇంటి బలహీనమైన బిడ్డకే అక్కరకు రాకపోతే దాన్ని నిలబెట్టుకున్నందుకు అర్థం తగ్గిపోతుంది. కలెక్టరాఫీసులో వినతిపత్రం ఇవ్వడానికి, మండపం గది తాళం తీయడానికి రెండు నగరాల తెలుగు పెద్దలు ఇంకో ఏడాది ఆగనక్కర్లేదు. ఎదిగే బిడ్డకు ఏడాది చాలా పెద్ద కాలం.